కిటికీలోంచి హాజరు

ఆదివారం పొద్దున్న మా అక్క కూతురు అద్దం ముందు నిలబడి కెవ్వుమంది. నేను కాజాలు కుడుతున్న చొక్కాను ఒళ్ళోంచి పడేసి పరుగెత్తాను. పిల్ల కుడి చెంప లోపల నిమ్మకాయ దాచుకున్నట్టు ఉబ్బి ఉంది.

"పిన్నీ, ఇది వాపు కాదు కదూ? దిండు మీద అణిగి అలా అయింది కదూ?"

"నోరు తెరువు."

తెరవబోయి "అమ్మో" అంది. వెంటనే, "నాకేం నొప్పి లేదు" అని కూడా అంది, రెండు చేతులతో దవడ పట్టుకుని.

మా అక్క వంటింట్లోంచి వచ్చి చూసి, చెప్పులు వేసుకుంది. వీధి చివర ఉండే డాక్టరమ్మ చెవి కింద వేళ్ళతో అలా నొక్కి ఇలా తేల్చేసింది.

"గవదబిళ్ళలు. వాపు తగ్గేదాకా బడి వైపు చూడకూడదు."

"చూడకుండా ఎలా డాక్టర్? మా పైగది కిటికీ తెరిస్తే ఎదురుగా మా తరగతే ఉంటుంది."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "సరే, చూడు. వెళ్ళకు. ఇది అంటుకునే జబ్బు. పులుపు తినకు, దవడ పీకేస్తుంది."

పిల్ల నవ్వలేదు. ఇంటికి వచ్చాక నా కుట్టుమిషను కింద దూరి ఏడ్చింది.

అది ఏడ్చింది జబ్బుకి కాదు. ఆ నెల మొదట్లో హెడ్మాస్టరు గారు బడి మొత్తాన్నీ నిలబెట్టి ఒక మాట చెప్పారు. నెలాఖరు దాకా ఒక్కరు కూడా మానకుండా వచ్చిన తరగతిని లాంచీ ఎక్కించి నది మీద తిప్పుకొస్తానన్నారు. జ్వరమైనా, జలుబైనా, చుట్టాలొచ్చినా, మానితే మానినట్టే. మా వీధి పిల్లలు నదిని వంతెన మీంచి చూసినవాళ్ళే తప్ప నీళ్ళ మీద అడుగు పెట్టినవాళ్ళు కాదు. ఇక చూడండి, తుమ్మొచ్చినా ముక్కు మూసుకుని బడికి పరుగెత్తడమే. అయినా ఒక్కో తరగతే రాలిపోయింది. ఆఖరి వారానికి మిగిలింది మా పిల్ల తరగతి ఒక్కటే.

మా పిల్ల ఒంటితీరు వేరు. ఎక్కడో వాన పడుతుందంటే దీనికి ఇక్కడ దగ్గు మొదలవుతుంది. తరగతిలో అందరూ దాన్ని 'సెలవుచీటీ' అని పిలుస్తారు. పోయినసారి ఇలాంటి పోటీయే పెట్టారు, బహుమతి ఒక పూట అదనంగా ఆటలు. సరిగ్గా చివరి రోజున దీనికి జ్వరం వచ్చింది. తర్వాత బడికి వెళితే మెట్ల మీద ఒక్కరూ పలకరించలేదట. ఈసారి అందుకే నెలంతా కాచిన నీళ్ళు తాగింది, ఎండలో కూడా స్వెట్టరు వేసుకుంది, ఐసు బండి కనిపిస్తే కళ్ళు మూసుకుని నడిచింది. ఇంత చేసి, ఇదిగో, ఒడ్డుకు చేరుతుండగా ఇలా.

"మళ్ళీ నా వల్లే పోతుంది పిన్నీ," అంది మిషను కిందనుంచి. "ఇక నాతో ఎవరూ మాట్లాడరు."

సాయంత్రం వాళ్ళ తరగతి లీడరు వచ్చాడు. వాడి గొంతు వీధి మలుపులో ఉండగానే మా ఇంట్లో వినిపిస్తుంది. లోపలికి రావద్దని అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"మఫ్లరు కట్టుకుని వచ్చేయమనండి ఆంటీ. వెనక బెంచీలో కూర్చోబెడతాం. ఎవరూ చూడరు."

"నీకూ అంటుకుంటుంది నాయనా, వెళ్ళు."

"నాకా? నాకేం రాదు. నేను లీడర్ని."

"గవదబిళ్ళలకి లీడరూ ప్యూనూ తేడా ఉండదు. నడు."

వాడు నడిచాడు కానీ వెళ్ళలేదు. అక్క బస్టాండులో టికెట్ల కౌంటరులో పని చేస్తుంది, ఆ పూట సాయంత్రం షిఫ్టు. ఆమె అటు వెళ్ళగానే వీడు ఇటు సందులో ప్రత్యక్షమై మా పైగది కిటికీ కింద నిలబడ్డాడు.

"సెలవుచీటీ! ఒక ఐడియా!"

ఆ ఐడియా అర్థం కావాలంటే ముందు వాళ్ళ టీచరు సంగతి చెప్పాలి. వాళ్ళ క్లాసుటీచరు లెక్కలావిడ. ఇంట్లో పసిబిడ్డను అత్తగారికి అప్పజెప్పి పరుగున వస్తుంది పాపం. వస్తూనే హాజరు పట్టీ తెరిచి, స్కేలు పెట్టి, తల వంచి, రైలు స్టేషన్లు దాటేసినట్టు నంబర్లు చదివేస్తుంది. గొంతు వినిపిస్తే టిక్కు. ఆఖరి నంబరు అయ్యేదాకా తల ఎత్తదు. సందుకు ఆ పక్క మేడ మీద తరగతి, ఈ పక్క మేడ మీద మా గది. కిటికీకీ కిటికీకీ మధ్య ఒక రిక్షా పట్టేంత చోటు.

"నువ్వు అక్కడ్నించి 'ప్రెజెంట్ టీచర్' అను చాలు," అన్నాడు లీడరు. "నీ గొంతు నీదే కదా. అబద్ధమేం ఉంది ఇందులో?"

పిల్ల మిషను కిందనుంచి బయటికి వచ్చింది. దాని కళ్ళు చూడాలి మీరు, అమావాస్యనాడు కరెంటు వచ్చినట్టు వెలిగాయి.

సోమవారం నుంచి అక్కకి పొద్దుటి షిఫ్టు. బడి గంట కొట్టేసరికి మేమిద్దరం కిటికీ దగ్గర నక్కి ఉన్నాం. అవతల బెంచీల్లో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు. టీచరు వచ్చింది, తల వంచింది.

"పదహారు."

"ప్రెజెంట్ టీచర్!"

"పదిహేడు."

"ప్రెజెంట్ టీచర్!"

"పద్దెనిమిది."

పిల్ల నోరు తెరవబోయింది. రాత్రికి రాత్రి ఎడమ చెంప కూడా ఉబ్బింది. గొంతులోంచి "ప్" అని గాలి తప్ప ఏమీ రాలేదు. నా వైపు చూసింది. అవతల తరగతి తరగతంతా మా కిటికీ వైపు చూసింది.

"పద్దెనిమిది?" టీచరు పెన్ను ఆగింది. తల ఎత్తబోతోంది.

నేను ఇంట్లో ఉన్నానని మిషను చప్పుడును బట్టి తెలుసుకోవాలే తప్ప నా గొంతు ఎవరూ వినరని అక్క అంటుంటుంది. ఆ రోజు ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

"ప్రెజెంట్ టీచర్!" అని అరిచాను.

టిక్కు పడింది. "పంతొమ్మిది" అని టీచరు సాగిపోయింది. అవతల పిల్లలు బల్లల కింద దూరి నవ్వుతున్నారు. నేను నేల మీద కూర్చుండిపోయాను. నవ్వు ఆగడం లేదు. పిల్ల బుగ్గలు పట్టుకుని, "నవ్వించకు పిన్నీ, చచ్చిపోతున్నా" అని నా ఒళ్ళో పడి నవ్వింది.

కింద ఇస్త్రీ బండివాడు తల పైకెత్తాడు. "ఏంటి చెల్లెమ్మా, ఈ వయసులో బళ్ళో చేరావా?"

"ఫీజు లేదన్నారు, చేరాను," అన్నాను. అలాంటి జవాబు నా నోట వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

ఆ తర్వాత అదే మాకు పండగలా అయిపోయింది. నేను గొంతు సవరించుకోవడం, పిల్ల వేలు చూపించడం, నేను అరవడం. మిగతా రోజంతా అది కిటికీ దగ్గరే కూర్చుని పాఠాలు వినేది. నేను గుండీలు కుట్టుకుంటూ ఒక చెవి అటు వేసేదాన్ని. తరగతిలో ఎవరు ఎవరిని గిల్లారో, ఎవరు బల్ల కింద చెప్పులు విప్పారో మా పిల్ల నాకు చెబుతూనే ఉండేది. ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అది. మంచం మీద పడుకుని చూసిచూసి అలవాటైన కళ్ళు.

బుధవారం మధ్యాహ్నం విరామంలో అది ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, లీడర్ని చూడు."

చూశాను. కిటికీ పక్క బెంచీలో కూర్చున్నాడు, మెడ చుట్టూ జేబురుమాలు కట్టుకుని. స్టైలు కోసమేమో అనుకున్నాను.

"ఎవరో నిమ్మబిళ్ళలు పంచారు. వాడికి నిమ్మబిళ్ళలంటే ప్రాణం, పక్కవాళ్ళవి కూడా లాక్కుంటాడు. ఇప్పుడు ఒకటి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అటు తిరిగి తుడుచుకున్నాడు."

"కారంగా ఉందేమో."

"నిమ్మబిళ్ళ కారంగా ఎందుకుంటుంది పిన్నీ? పులుపు తగిలితే ఇక్కడ పీకుతుంది." చెవి కింద వేలు పెట్టి చూపించింది. "నాకు తెలుసు కదా."

ఆ తర్వాత పాఠం జరిగినంతసేపూ ఇద్దరం వాణ్ణే చూశాం. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. వీధి మలుపులోంచి వినిపించే ఆ గొంతు ఒక్కసారి కూడా లేవలేదు. రుమాలు కొంచెం జారినప్పుడు కింద వాపు కనిపించింది. వాడి భుజానికి భుజం ఆనించి తరగతిలో అందరికన్నా చిన్న పిల్ల కూర్చుని ఉంది, ఒకే పుస్తకంలో ఇద్దరూ చూస్తూ. టీచరు వచ్చి వాడి నోటుబుక్కు మీదికి వంగింది. అదే టీచరు సాయంత్రం ఇంటికెళ్ళి బిడ్డను ఎత్తుకుంటుంది.

"చెప్తే వాణ్ణి ఇంటికి పంపేస్తారు," అంది మా పిల్ల. "లాంచీ పోతుంది. అందరూ నన్నే తిడతారు."

నేను దారం తెంపాను, మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ తెంపాను.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే..." అది ఆ చిన్న పిల్ల వైపు చూసింది. "నువ్వయితే ఏం చేస్తావ్ పిన్నీ?"

"నేనయితే భయపడతాను," అన్నాను. అదే నిజం మరి.

రాత్రి అన్నం ముద్ద మింగకుండా అలాగే నోట్లో పెట్టుకుని కూర్చుంది. అక్క నొప్పి అనుకుని జావ కాచి ఇచ్చింది.

గురువారం పొద్దున్న గంట కొట్టేసరికి మళ్ళీ కిటికీ దగ్గర చేరాం. టీచరు వెనకే హెడ్మాస్టరు గారు కూడా తరగతిలోకి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"మీరు బడి పరువు నిలబెట్టార్రా! రేపొక్కరోజు. లాంచీకి చెప్పేశాను. ఇవాళ హాజరు నేనే పిలుస్తాను."

పిల్లలు కేకలు వేయాలి కదా? ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. లీడరు మా కిటికీ వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. హెడ్మాస్టరు గారు టీచరులా కాదు, ప్రతి నంబరుకీ తల ఎత్తి చూస్తారు. కానీ ఆయన కళ్ళజోడు దూరపు చూపుకి పనికిరాదని బడిలో అందరికీ తెలుసు. ఆయన వస్తున్నారని ముందే పసిగట్టారేమో, మా పిల్ల బెంచీలో ఎవరిదో స్వెట్టరు ఒక సంచికి తొడిగి కూర్చోబెట్టారు. దానికి జడ కూడా వేశారు! భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

"పదహారు... పదిహేడు..."

నేను ఊపిరి పీల్చుకున్నాను.

"పద్దెనిమిది."

నేను నోరు తెరిచాను. వేడిగా ఉన్న చిన్న చెయ్యి ఒకటి వచ్చి నా నోరు మూసింది. పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని పైకి ఎక్కింది. బుగ్గలు రెండూ బంతుల్లా ఉన్నాయి. నోరు తెరుస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అయినా తెరిచింది.

"నేను రాలేదు సార్!"

సందు మొత్తం వినపడింది. ఇస్త్రీ పెట్టె టక్కుమని ఆగింది. హెడ్మాస్టరు గారు సంచి వైపు చూసి, పట్టీ వైపు చూసి, మళ్ళీ సంచి వైపు చూశారు.

"రాలేదని చెప్తున్నది ఎవరమ్మా?"

"నేనే సార్, పద్దెనిమిది! ఇటు, కిటికీ! నాకు గవదబిళ్ళలు. సోమవారం నుంచీ రావట్లేదు. లీడరుకి కూడా వచ్చాయి సార్, రుమాలు కింద చూడండి. వాణ్ణి ఇంటికి పంపేయండి, పక్కన చిన్నది ఉంది. టీచరుగారింట్లో పాపాయి ఉంది!"

అంతే. చువ్వలు వదిలేసి నా మీద పడింది. దాన్ని పట్టుకుని నేను అవతలికి చూశాను. తరగతిలో తేనెతుట్టె కదిలింది. "చెప్పేసింది!" "పోయింది లాంచీ!" "సెలవుచీటీ!" అని ఒకటే గోల. లీడరు లేచి నిలబడి, "నాకేం లేదు సార్, పంటినొప్పి" అంటున్నాడు, పెదవులు కదపకుండా.

టీచరు అసలు తల ఎత్తి మా కిటికీని మొదటిసారి చూసినట్టు చూస్తోంది. "మరి రోజూ పలికిందెవరు?" అంది.

నేను కిటికీలోంచి చెయ్యి ఎత్తాను. దొరికిపోయిన పిల్లలు ఎత్తినట్టే, మోచేతి దాకా.

హెడ్మాస్టరు గారు లీడరు రుమాలు విప్పారు. ఆయన ముఖంలో వెలుగు ఆరిపోయింది. "ఇంకా ఎవరికైనా దవడ నొప్పిగా ఉందా?" అని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. లాంచీ మీద ఆశ అంత గట్టిది.

మా పిల్ల నా భుజం మీంచి తల ఎత్తి, నా చెవిలో గొణిగింది. నేను అటు అరిచాను. అప్పటికి నాకు అరవడం బాగా వచ్చేసింది.

"నిమ్మబిళ్ళలు పెట్టి చూడండి సార్! ఉన్నవాళ్ళకి పులుపు తగిలితే దవడ పీకుతుంది!"

ప్యూను కొట్టు దాకా పరుగెత్తి నిమ్మబిళ్ళలు తెచ్చాడు. హెడ్మాస్టరు గారు స్వయంగా ఒక్కొక్కరి నోట్లో ఒక్కొక్కటి వేశారు. అలాంటి పరీక్ష ఆ బడిలో ఎప్పుడూ జరిగి ఉండదు. బడి మొత్తం వరండాలో తొంగిచూస్తోంది. కొందరు హాయిగా చప్పరించి ఇంకోటి అడిగారు. మొదటి బెంచీలో ఒకడు "ఆ" అని దవడ పట్టుకున్నాడు. వెనకాల కవలలిద్దరూ ఒకేసారి ముఖాలు వికారంగా పెట్టారు. "బయటికి రండి," "నువ్వూ రా నాన్నా," అంటూ ఆయన ఒక్కొక్కరినీ వేరుగా నిలబెట్టారు. చిన్న పిల్ల మాత్రం బిళ్ళ కొరికి మింగేసి, చెయ్యి చాపింది.

వరండాలో నిలబడ్డ వాళ్ళను చూసి హెడ్మాస్టరు గారు కుర్చీలో కూలబడ్డారు.

"వీళ్ళందరూ నొప్పితో వచ్చి కూర్చున్నారా? నేను పెట్టిన పోటీ కోసం?"

"వాళ్ళదేముంది సార్," అంది టీచరు. "నేనూ మొన్న జ్వరంతోనే వచ్చాను."

ఆ సాయంత్రానికి డాక్టరమ్మ బడికి వచ్చి అందరి చెవుల కిందా చూసింది. పోటీ రద్దయింది, లాంచీ ఎవరికీ లేదు. మర్నాడు హెడ్మాస్టరు గారు కొత్త రూలు చెప్పారు. జబ్బుతో ఇంట్లో ఉంటే గైర్హాజరు వేయరు. జబ్బు దాచుకుని బడికి వస్తే మాత్రం వేస్తారు. పిల్లలకి ఇది అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే వస్తే రానట్టు, రాకపోతే వచ్చినట్టా సార్?" అని ఎవరో అడిగారు. "అంతే," అన్నారాయన.

మా పిల్ల మాత్రం కిటికీ మూసేయమంది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అవతల రోజూ లాగే పాఠాలు వినిపిస్తున్నాయి. నేను మిషను తొక్కుతున్నాను గానీ కుట్టు వంకర పోతోంది.

ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. లీడరు. బుగ్గలు మా పిల్ల బుగ్గలకి పోటీగా ఉన్నాయి. వెనకాల వాళ్ళమ్మ, చేతిలో సంచి.

"ఇంట్లో వీణ్ణి చూసేవాళ్ళు లేరమ్మా, నేను పనికి పోవాలి. ఎలాగూ ఇద్దరికీ ఒకటే జబ్బు కదా, ఇక్కడ కూర్చోబెట్టనా?"

నేను తలూపాను. ఆమె దిగి వెళ్ళిపోయింది. వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. మా పిల్ల దుప్పటి తల మీదికి లాక్కుంది.

"లాంచీ పోయింది," అన్నాడు వాడు. పెదవులు సరిగా కదలక మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి.

దుప్పటి ఇంకాస్త గోడ వైపు జరిగింది.

"నీ వల్లే పోయింది."

"తెలుసు," అంది దుప్పటి.

వాడు మంచం పక్కకి వచ్చాడు. నేను మిషను ఆపాను.

"నిన్న రాత్రి నాకు మంచినీళ్ళు తాగడానికి కూడా నోరు తెరుచుకోలేదు," అన్నాడు. "మా నాన్న చెంచాతో పోశాడు. మరి నువ్వు... అంత గట్టిగా ఎలా అరిచావే?"

దుప్పటి కొంచెం కిందికి జారింది. ఒక కన్ను కనిపించింది.

"నొప్పెట్టింది," అంది అది.

"నాకు తెలుసు ఎంత నొప్పెడుతుందో. అందుకే అడుగుతున్నా." వాడి మాటలో కోపం లేదు, పెద్ద చెట్టెక్కినవాణ్ణి కిందనుంచి చూసేవాడి ఆశ్చర్యం ఉంది. "కవలలు కూడా అదే అంటున్నారు. వాళ్ళకి 'అమ్మా' అనడం కూడా రావట్లేదంట. వాళ్ళూ ఇక్కడికి వస్తామంటున్నారు. రానిస్తావా?"

అది లేచి కూర్చుంది. జడ విప్పుకుని మళ్ళీ వేసుకుంది. ఎవరైనా ఇంటికొస్తామంటే అది చేసే పని అదే.

"పిన్నిని అడగాలి," అంది గంభీరంగా.

పిన్నిని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నానికి నా గది నిండిపోయింది. కవలలు కుట్టని బట్టల మూట మీద, మొదటి బెంచీవాడు కత్తిరింపుల బల్ల కింద, లీడరు మళ్ళీ తెరిచిన కిటికీలో. నా మిషను గోడకి జరిగింది. ఇవ్వాల్సిన చొక్కాలు అలాగే ఉన్నాయి. కాలర్ల మీద చేతులు పెట్టొద్దని అరుస్తూనే ఉన్నాను. నా గొంతుకి ఇస్త్రీ బండివాడు పైకి చూడటం కూడా మానేశాడు.

"జరుగు," అంది మా పిల్ల లీడరుతో. "బోర్డు కనిపించట్లేదు."

వాడు జరిగాడు.

సందుకు ఆ పక్క టీచరు బోర్డును కిటికీ వైపు తిప్పించి, ఒక లెక్కను ఎప్పటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది. "ఎవరు చెప్తారు?" అని అడిగింది. తరగతిలో సగం బెంచీలు ఖాళీ, ఉన్నవాళ్ళు పెన్సిళ్ళు కొరుకుతున్నారు. మా కిటికీలో మాత్రం చేతులే చేతులు. అన్నిటికన్నా పైన మా పిల్ల చెయ్యి, లీడరు భుజం మీద మోకాలు ఆనించి మరీ ఎత్తింది.

టీచరు మా వైపు తల ఎత్తి చూసింది.

"కిటికీలో వాళ్ళు కాస్త ఆగండి," అంది. "ఇక్కడివాళ్ళని కూడా ఆలోచించుకోనివ్వండి."